పాలు ఎన్ని అంటే తప్పా? 20కి 11 వచ్చిన షీట్ మీద పంచాయితీ

రేణిగుంట_పాసింజర్ | రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుతున్నా, తిరుపతి కొర్లగుంటలో ముగ్గురం కలిసి రూమ్. లెక్కలూ రీజనింగూ పర్వాలేదు, ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి చేతులు చల్లబడతాయి. మొదటి దశ పరీక్ష టైర్ వన్‌లో ఇంగ్లిష్‌వి 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు రాస్తే అర మార్కు కోత, కాబట్టి వదిలేద్దామన్నా కుదరదు. నిన్న మా కోచింగ్‌లో మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్, సమ్, ఎనీ లాంటివాటి మీద 20 ప్రశ్నల షీట్ ఇచ్చారు. సగం ఖాళీలు పూరించేవి, సగం తప్పు పట్టుకునేవి. కీ పెట్టుకుని దిద్దుకుంటే 11 వచ్చాయి. పోయిన 9లో నాలుగు నా నిర్లక్ష్యమే, ఒప్పుకుంటా. ఈ ఐదు మాత్రం ఎందుకు తప్పో ఎంత ఆలోచించినా బుర్రకెక్కట్లేదు.

"హౌ డాష్ మిల్క్ డు యు నీడ్?" నేను మెనీ పెట్టా, కీలో మచ్. మా ఊళ్లో పాలాయన రోజూ "ఎన్ని పాలు పొయ్యాల మా?" అనే అడుగుతాడు. ఎన్ని అంటే మెనీయే కదా?

"డాష్ స్టూడెంట్స్ ఫెయిల్డ్, సో ద టీచర్ వాజ్ హ్యాపీ." నేను ఎ ఫ్యూ, కీలో ఫ్యూ. రెండూ కొందరే కదా సామీ.

"వుడ్ యు లైక్ సమ్ కాఫీ?" నేను నో ఎర్రర్ అన్నా. కీ ఏమో ప్రశ్న కాబట్టి ఎనీ రావాలంటోంది.

"తిరుచానూర్ ఈజ్ లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్ ఫ్రమ్ తిరుపతి." నో ఎర్రర్ అన్నా. ఫ్యూయర్ రావాలట.

"నన్ ఆఫ్ ద బాయ్స్ హ్యావ్ కమ్." ఇదీ నో ఎర్రర్ అన్నా. హ్యాజ్ అట.

ఎవరైనా రవంత ఓపిగ్గా చెప్పండి.

కాణిపాకం_బస్ | రాత్రి 9:20

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ. లెక్కపెట్టగలిగితే మెనీ, లెక్కపెట్టలేకపోతే మచ్. పాలు లెక్కపెట్టలేం, మచ్. అయిపోయింది.

రవంత_ఉప్పు | రాత్రి 9:31

అయిపోలేదన్నా. డబ్బులు లెక్కపెడతాం కదా, మరి హౌ మచ్ మనీ అంటారెందుకు? నేను ఇంట్లోనే ఉండి స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకుంటున్నా, మా పాప రెండో క్లాసు పుస్తకంలో కూడా మీరు చెప్పిన సూత్రమే ఉంది, పాప ఈ ప్రశ్న అడిగితే నోరు పెగల్లేదు. నెలాఖరున కూర్చుని నోట్లు లెక్కపెట్టేది నేనే.

కాణిపాకం_బస్ | రాత్రి 9:34

అది... మనీ స్పెషల్ అక్కా.

పుత్తూరు_కట్టు | రాత్రి 9:36

స్పెషల్ అంట. ఎముక విరిగినచోట వదిలేసి పక్కన కట్టు కట్టినట్టుంది.

తోటాపురి_టీచర్ | రాత్రి 10:05

చిత్తూరు దగ్గర హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఈ ఎన్ని, ఎంత గొడవ మా పిల్లలతో ప్రతి ఏడాదీ ఉండేదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతా, ఓపిక పట్టండి.

తెలుగులో మనకు ఎన్ని వేరు, ఎంత వేరు. ఎన్ని పుస్తకాలు అంటాం, ఎంత మట్టి అంటాం. మెనీ, మచ్ తేడా మనకు పుట్టుకతోనే వచ్చిందని దీన్ని చూసి మురిసిపోతాం. కానీ తెలుగులో పాలు, నీళ్లు, బియ్యం, డబ్బులు బహువచనాలు. పాలు విరిగాయి అంటాం గానీ విరిగింది అనం, నీళ్లు వస్తున్నాయి, బియ్యం అయిపోయాయి. బహువచనం కనబడగానే నోటికి ఎన్ని వచ్చేస్తుంది, ఎన్ని నీళ్లు, ఎన్ని పాలు, ఎన్ని డబ్బులు. అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి దిగితే హౌ మెనీ మిల్క్ అవుతుంది, మిల్క్ ఆర్ స్పాయిల్డ్ అవుతుంది. ఏటా ఐదారు పేపర్లలో ఇది చూస్తా. పాసింజర్ నాయనా, నీ తప్పు ఇంగ్లిష్ రాక చేసింది కాదు, తెలుగు బాగా వచ్చి చేసింది.

అందుకని ఎన్ని అనే పరీక్ష పెట్టుకోవద్దు. ముందు ఒకటి, రెండు పెట్టి చూడు. ఒక పుస్తకం, రెండు పుస్తకాలు, బాగుంది. ఒక పాలు, రెండు పాలు? ఎవరూ అనరు. రెండు గ్లాసుల పాలు, లీటరు పాలు అంటాం. ఒక నీళ్లు? అనం. ఉప్పమ్మా, నీ డబ్బు ప్రశ్నకీ ఇదే జవాబు. ఒక రూపాయి రెండు రూపాయలు అంటావు, ఒక నోటు రెండు నోట్లు అంటావు. ఒక డబ్బు రెండు డబ్బులు అని లెక్కపెట్టావా ఎప్పుడైనా? నువ్వు లెక్కపెట్టేది నోట్లను. కాబట్టి మెనీ నోట్స్, మెనీ రుపీస్, మచ్ మనీ. పాపకి చేతిలో నోట్లు పెట్టే చెప్పు.

రవంత_ఉప్పు | రాత్రి 10:11

మేడం, పది నిమిషాలు ఇంట్లో ఉన్నవన్నీ ఒకటి రెండు అని అనుకుంటూ తిరిగా. ఒక బియ్యం అనం, బియ్యపు గింజ అంటాం, రైస్‌కి మచ్. ఒక చక్కెర అనం. ఒక ఉల్లిగడ్డ అంటాం, మెనీ ఆనియన్స్. మా ఆయన చూసి ఏమైందే నీకు అంటున్నాడు.

పుత్తూరు_కట్టు | రాత్రి 10:18

పరీక్ష బాగుంది మేడం, అన్నిచోట్లా పనిచేయదు గానీ. ఒక సలహా, రెండు సలహాలు. బ్రహ్మాండంగా వస్తుంది. మెనీ అడ్వైసెస్ అని రాస్తే పేపర్ దిద్దేవాడు ఏమంటాడు?

తోటాపురి_టీచర్ | రాత్రి 10:26

సున్నా చుడతాడు. కట్టు గారు చెప్పింది నిజం. కొన్నిటికి తెలుగులో ఒకటి, రెండు కుదురుతుంది, ఇంగ్లిష్‌లో కుదరదు. సలహాకి అడ్వైస్, వార్తలకి న్యూస్, సామాన్లకి లగేజ్, పనికి వర్క్, హోంవర్క్, రొట్టెకి బ్రెడ్. ఇవి కంఠతా పట్టాల్సిందే. తప్పు పట్టుకునే ప్రశ్నలు తయారుచేసేవాళ్లు తిరిగేది వీటి చుట్టూనే, ఎక్కువేం లేవు. ఇన్ఫర్మేషన్ మాత్రం మనవైపే ఉంది, ఎంత సమాచారం అంటాం, ఎన్ని సమాచారాలు అనం, అయినా పిల్లలు ఇన్ఫర్మేషన్స్ అని ఎందుకు రాస్తారో నాకిప్పటికీ తెలీదు. ఫర్నిచర్ కూడా అంతే.

కాణిపాకం_బస్ | రాత్రి 10:30

హెయిర్ మేడం? వెంట్రుకలు.

తోటాపురి_టీచర్ | రాత్రి 10:33

తలమీద ఉన్నంతసేపూ మచ్ హెయిర్. సాంబార్లో పడితే ఎ హెయిర్, టూ హెయిర్స్.

కాణిపాకం_బస్ | రాత్రి 10:34

పోయిన వారం ఒక హోటల్లో నాకు త్రీ హెయిర్స్ వచ్చాయి. పేరు చెప్పను. బిల్లు మాత్రం ఫుల్లుగానే వేశారు.

మదనపల్లె_టమాటా | రాత్రి 10:41

మాది టమాటా వ్యాపారం, ఇంగ్లిష్ గురించి నాకు పెద్దగా తెలీదు, ఢిల్లీ పార్టీలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏదో నెట్టుకొస్తా. నా సందేహం ఏందంటే, టమాటాలు ఒకటి రెండు అని లెక్కపెట్టేవే. మరి వాళ్లు హౌ మచ్ ఆర్ ద టొమాటోస్ అంటారు. అది తప్పా? హౌ మెనీ అంటే నేను బాక్సుల లెక్క చెబుతా.

తోటాపురి_టీచర్ | రాత్రి 10:47

తప్పు కాదండీ. అక్కడ హౌ మచ్ అడిగేది రేటు. టమాటా ఎంత అంటే మీరు ధర చెబుతారు, ఎన్ని అంటే బాక్సులు చెబుతారు, సరిగ్గా అదే. టమాటాలు బహువచనం కాబట్టి ఆర్ వచ్చింది, ధర కాబట్టి మచ్ వచ్చింది. షీట్లు తయారుచేసేవాళ్లు దీన్ని పట్టించుకోరు గానీ మీరు రోజూ వాడుతున్నారు.

రేణిగుంట_పాసింజర్ | రాత్రి 10:52

మొదటిది పూర్తిగా ఎక్కింది మేడం. పాలాయన్ని ఇక నమ్మను. రెండోది? ఫ్యూ, ఎ ఫ్యూ. మా సార్ క్లాసులో ఫ్యూ నెగటివ్, ఎ ఫ్యూ పాజిటివ్ అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టారు. దాన్ని పట్టుకునే దెబ్బతిన్నా. టీచర్ హ్యాపీ అంటే పాజిటివ్ కదా అని ఎ ఫ్యూ పెట్టేశా.

పుత్తూరు_కట్టు | రాత్రి 10:58

అదే మీ సార్ చేసిన పొరపాటు. నెగటివ్ అంటే చెడ్డ కబురని కాదబ్బా. ఫ్యూ స్టూడెంట్స్ ఫెయిల్డ్ అంటే ఫెయిలైనవాళ్లు దాదాపు లేరు అని. ఫెయిలైనవాళ్లు లేకపోతే టీచర్‌కి పండగే. ఎ ఫ్యూ పెడితే కొందరు ఫెయిలయ్యారు, టీచర్ సంతోషించాడు, అంటే ఆయనకి ఆ పిల్లల మీద ఏదో కక్ష ఉందనుకోవాలి.

రేణిగుంట_పాసింజర్ | రాత్రి 11:01

హహ, మా స్కూల్లో ఉండేవాడు అలాంటోడు. కానీ అన్నా, ఎంతమందైతే ఫ్యూ, ఎంతమందైతే ఎ ఫ్యూ? ఐదు? పది?

తోటాపురి_టీచర్ | రాత్రి 11:14

అంకె ఉండదు నాయనా. తెలుగులోనే చెబుతా. "పెళ్లికి కొద్దిమంది వచ్చారు." "పెళ్లికి కొద్దిమందే వచ్చారు." రెండు పెళ్లిళ్లకీ వచ్చింది ఇరవై మందే అనుకో. మొదటి మాట అన్నవాడు వచ్చినవాళ్లను చూసి చెబుతున్నాడు, రెండో మాట అన్నవాడు ఖాళీ కుర్చీలు చూస్తున్నాడు. చివర ఆ చిన్న ఏ వచ్చి తేడా చేసింది. కొద్దిమంది అయితే ఎ ఫ్యూ, కొద్దిమందే అయితే ఫ్యూ. ఖాళీలో ఏది పెట్టాలో తేలకపోతే వాక్యాన్ని తెలుగులో అనుకుని ఏ కలుస్తోందా లేదా చూడు. "కొద్దిమందే ఫెయిలయ్యారు, అందుకని టీచర్ సంతోషించాడు." చక్కగా కలిసింది.

లిటిల్, ఎ లిటిల్ కూడా ఇదే, లెక్కపెట్టలేనివాటికి. దీనికి మన ఉప్పమ్మ పేరే చాలు.

రవంత_ఉప్పు | రాత్రి 11:20

నేను చెబుతా, నేను చెబుతా. రవంత ఉప్పుంది, పులుసుకి సరిపోతుంది అంటే ఎ లిటిల్ సాల్ట్. డబ్బాలో రవంతే ఉంది, అంగడికి పోవాల అంటే లిటిల్ సాల్ట్. కరెక్టేనా మేడం?

తోటాపురి_టీచర్ | రాత్రి 11:22

నూటికి నూరు.

మదనపల్లె_టమాటా | రాత్రి 11:25

నిద్ర రావట్లేదు, ఒకటి అడుగుతా. చాలామందే వచ్చారు అంటాం. అక్కడ ఏ ఉంది కదా, తగ్గించలేదు, పెంచింది. దాన్ని ఏమంటారు?

తోటాపురి_టీచర్ | రాత్రి 11:31

భలే పట్టుకున్నారు. దానికి క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్ అనొచ్చు. చూడ్డానికి ఫ్యూ ఉంది, అర్థం మాత్రం చాలామందే. ఓన్లీ ఎ ఫ్యూ అంటే మళ్లీ కొద్దిమందే. పాసింజర్, ఈ రెండూ రాసిపెట్టుకో.

శానా అనే మాట ఉంది చూడండి మనవైపు, శానా మంది, శానా నీళ్లు, శానా డబ్బులు, దేనికైనా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఎ లాట్ ఆఫ్ అలాంటిదే. మాట్లాడేటప్పుడు సందేహమొస్తే అది వాడేసుకోండి. క్రియ మాత్రం వెనకొచ్చే పదాన్ని బట్టి మారుతుంది, ఎ లాట్ ఆఫ్ వాటర్ ఈజ్, ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఆర్.

అలిపిరి_నడక | ఉదయం 6:02

రాత్రంతా పెద్ద సభే జరిగినట్టుంది. మిగిలిన మూడూ నేను చూస్తా, అనువాదాలు చేసుకుని బతుకుతున్నా, ఇదే నా తిండి.

కాఫీ ప్రశ్నలో కీ తప్పు. ప్రశ్నలో ఎనీ అనేది సగం చెప్పిన సూత్రం. తెలీక అడిగితే ఎనీ, డు యు హ్యావ్ ఎనీ చేంజ్, చిల్లర ఉందో లేదో నాకు తెలీదు. ఇస్తున్నప్పుడు, ఇమ్మని అడుగుతున్నప్పుడు సమ్. ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ తాగుతారా అంటే అది ఆరా తీయడం కాదుగా, ఇవ్వబోతున్నావు. క్యాన్ ఐ హ్యావ్ సమ్ వాటర్ కూడా అంతే. ఈ మార్కు నీదే తమ్ముడూ.

తిరుచానూరు ప్రశ్నలోనూ కీ తప్పే. లెక్కపెట్టేవాటికి ఫ్యూయర్, పెట్టలేనివాటికి లెస్ అనేది నిజమే గానీ దూరం, డబ్బు, సమయం, బరువు అంకెలతో చెప్పినప్పుడు వాటిని విడివిడిగా లెక్కపెట్టం, మొత్తం ఒకే ముద్దగా చూస్తాం. లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్, లెస్ దాన్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్, లెస్ దాన్ టూ అవర్స్. టెన్ థౌజండ్ రుపీస్ ఈజ్ ఎ బిగ్ అమౌంట్ అని ఈజ్ పెట్టడం లేదూ, అలాగే.

నేను రోజూ ఎక్కేవాణ్ణి కాబట్టి నాకు గుర్తుండే వాక్యం ఒకటి చెబుతా. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. శ్రీవారి మెట్టు హ్యాజ్ ఫ్యూయర్ స్టెప్స్, సో ఇట్ టేక్స్ లెస్ టైమ్. మెట్లు ఒక్కొక్కటీ కాలికి తెలుస్తాయి, ఫ్యూయర్. సమయం ముద్ద, లెస్.

కాణిపాకం_బస్ | ఉదయం 7:40

అన్నా, ఇంగ్లిష్ వాళ్లే షాపుల్లో టెన్ ఐటమ్స్ ఆర్ లెస్ అని రాస్తారంటగా. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

అలిపిరి_నడక | ఉదయం 8:15

రాసేవాళ్లు. దాని మీద అక్కడా పెద్ద రచ్చ. బ్రిటన్‌లో టెస్కో వాళ్లు 2008లో ఈ గొడవ పడలేక అప్ టు టెన్ ఐటమ్స్ అని బోర్డు మార్చారు. అసలు ఈ తేడా గురించి 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన నాకైతే ఫ్యూయర్ బాగుంటుందనిపిస్తోంది అన్నట్టు రాశాడు, అంతే. తర్వాతివాళ్లు ఆ ఇష్టాన్ని చట్టం చేసి కూర్చోబెట్టారు. అయినా నీకు మార్కులిచ్చేది ఆ చట్టమే కాబట్టి పరీక్షలో ఫ్యూయర్ స్టూడెంట్సే రాయి.

నన్ ఆఫ్ ద బాయ్స్‌కి హ్యాజ్, హ్యావ్ రెండూ రైటే. పాత వ్యాకరణాలు హ్యాజ్ అంటాయి, మాట్లాడేవాళ్లు ఎక్కువగా హ్యావ్ అంటారు.

పుత్తూరు_కట్టు | ఉదయం 9:05

ఇక్కడ మీతో ఏకీభవించలేను. నేను ఇలాంటి పరీక్షలు రాసే బ్యాంకులో చేరా. ఎగ్జామ్ హాల్లో రెండూ రైటే అనే ఆప్షన్ ఉండదు. మొత్తం వాక్యంలో ఇంకే తప్పూ కనబడకపోతే హ్యావ్ కిందే గీత పెట్టాలి, పేపర్ పెట్టేవాడు దాన్ని అక్కడ ఉంచింది అందుకే.

అలిపిరి_నడక | ఉదయం 9:20

మరి నో ఎర్రర్ అనే ఆప్షన్ ఎందుకున్నట్టు? సరైన వాక్యాన్ని తప్పనడం నేర్పితే అది ఇంగ్లిష్ నేర్చుకోవడం ఎలా అవుతుంది సార్.

పుత్తూరు_కట్టు | ఉదయం 9:24

ఆ పిల్లోడికి ఇప్పుడు కావాల్సింది ఉద్యోగం సార్. ఇంగ్లిష్ తర్వాత నేర్చుకుంటాడు.

తోటాపురి_టీచర్ | మధ్యాహ్నం 1:10

లంచ్ బెల్లులో చూస్తున్నా. ఇద్దరూ ఆగండి. షీట్‌లో అయితే సార్‌ని అడగొచ్చు. అసలు పరీక్షలో అయితే ముందు తాత్కాలిక కీ పెడతారు, అభ్యంతరం చెప్పుకోవచ్చు. నేనైతే నన్ ప్రశ్న చివర్లో పెట్టుకుని, మిగతావి అయ్యాక ధైర్యాన్ని బట్టి చూసుకోమంటా. నన్ కోసం కొట్టుకునే బదులు ఎ నంబర్ ఆఫ్, ద నంబర్ ఆఫ్ చూసుకో నాయనా, అది తప్పకుండా అడిగేది. ఎ నంబర్ ఆఫ్ పిల్గ్రిమ్స్ ఆర్ వెయిటింగ్, యాత్రికులు వేచి ఉన్నారు. ద నంబర్ ఆఫ్ పిల్గ్రిమ్స్ ఈజ్ ఇంక్రీజింగ్, పెరుగుతున్నది సంఖ్య. పెరుగుతున్నారు అంటావా, పెరుగుతోంది అంటావా చూసుకుంటే చాలు.

రేణిగుంట_పాసింజర్ | సాయంత్రం 6:48

పొద్దున సార్‌ని కలిశా. కాఫీది, తిరుచానూరుది చూపించా. మొదట కొంచెం మొహం మాడ్చుకున్నారు, తర్వాత ఏదో పుస్తకం తిరగేసి ఒప్పుకున్నారు, కీ పాత బ్యాచ్ నుంచి అలాగే వస్తోందంట. రెండు మార్కులు కలిపారు. నన్ దగ్గర మాత్రం ససేమిరా అన్నారు. కాబట్టి 13. అలిపిరి అన్న లెక్కలో 14, కట్టు అన్న లెక్కలో 13, నేను మధ్యలో 13న్నర అనుకుంటున్నా.

మేడం మెసేజ్‌లో టెన్త్ పిల్లలకి కావాలని అడిగారు, అందుకే షీట్ ఫోటో ఇక్కడే పెడుతున్నా. నా టిక్కులు కూడా కనబడతాయి, నవ్వకండి.

మదనపల్లె_టమాటా | సాయంత్రం 7:15

తమ్ముడూ ఫోటో పెద్దది చేసి చూశా. 17వ ప్రశ్న, "హి బాట్ టూ డజన్స్ బనానాస్." కీలో నో ఎర్రర్. నువ్వూ నో ఎర్రర్ కొట్టి మార్కు వేసుకున్నావు. మా ఢిల్లీ సేట్ ఎప్పుడూ టూ డజన్ బాక్సెస్ అంటాడే, డజన్స్ అనడు. ఎవరిది రైటు?

తోటాపురి_టీచర్ | సాయంత్రం 7:22

సేట్‌ది. ముందు అంకె ఉంటే డజన్, హండ్రెడ్, థౌజండ్ దేనికీ ఎస్ రాదు. టూ డజన్ బనానాస్, ఫైవ్ హండ్రెడ్ రుపీస్. అంకె లేకుండా డజన్స్ ఆఫ్, హండ్రెడ్స్ ఆఫ్ అన్నప్పుడే ఎస్. మాలో ఎవరమూ గమనించలేదు చూడండి.

పుత్తూరు_కట్టు | సాయంత్రం 7:25

అంటే 12న్నర.

రేణిగుంట_పాసింజర్ | సాయంత్రం 7:26

టమాటా అన్నా, ఆ ఫోటో పెద్దది చేసి చూడమని నిన్నెవరు అడిగారన్నా.